113 దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

ఇంట్లో పెట్టుకున్న స్టోరేజ్ సర్వర్ నుంచి ఓ పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే విండోస్ ఒక పచ్చటి గ్రాఫ్ చూపిస్తుంది. అది సెకనుకు 112, 113 మెగాబైట్ల దాకా ఎక్కి, అక్కడే స్కేలు పెట్టి గీసినట్టు నిలబడిపోతే కంగారు పడక్కర్లేదు. సర్వర్ బాగానే ఉంది, డిస్కులూ బాగానే ఉన్నాయి. మధ్యలో ఉన్న గిగాబిట్ నెట్‌వర్క్ తన శక్తి మొత్తం వాడేసింది, అంతే.

గిగాబిట్ అంటే సెకనుకు 1000 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 125 మెగాబైట్లు రావాలి కదా అనిపిస్తుంది. కానీ డేటా కేబుల్‌లో ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. మామూలు సెట్టింగులతో ఒక్కో ముక్క కేబుల్ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. పంపేవారి, అందుకునేవారి చిరునామాలు, తప్పులు పట్టుకునే అంకెలు, ముక్కకూ ముక్కకూ మధ్య తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీ పోగా ఫైలుకు మిగిలేది 1460 బైట్లు. ఆ లెక్కన 125లో దక్కేది 118.7. విండోస్ మెగాబైటును వెయ్యితో కాకుండా 1024తో లెక్కిస్తుంది కాబట్టి అదే వేగం తెర మీద 113గా కనిపిస్తుంది. ముక్క సైజు ఇదే ఉన్నంతవరకూ ఒక గిగాబిట్ కేబుల్ నుంచి ఇంతకన్నా ఎక్కువ రాబట్టే సెట్టింగంటూ ఏదీ లేదు.

ఇంటర్నెట్ ప్లాన్ మారిస్తే ఇది పెరుగుతుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పెరగదు. సర్వర్ నుంచి మీ కంప్యూటర్‌కు వచ్చే ఫైలు ఇల్లు దాటి బయటికే పోదు. నెలనెలా ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్ తీసుకున్నా, ఇంట్లో ఉన్న పోర్టులు గిగాబిట్‌వే అయితే కాపీ వేగం అక్కడే ఉంటుంది.

మరి దీన్ని దాటాల్సిన అవసరం ఎవరికుంది? సినిమాలు చూసుకునే ఇంటికి లేదు. 4కే బ్లూరే డిస్కులోని వీడియో సెకనుకు 144 మెగాబిట్లు దాటదు. అలాంటి సినిమాలు నాలుగైదు వేర్వేరు టీవీల్లో ఒకేసారి నడిచినా గిగాబిట్ తట్టుకుంటుంది. నిజంగా ఇబ్బంది పడేది పెద్ద మొత్తంలో డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించేవాళ్లు. మన దగ్గర పెళ్లి వీడియోలు తీసేవాళ్లనే తీసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే రికార్డు చేసే కెమెరా గంటకు 45 గిగాబైట్లు నింపుతుంది. మూడు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే ఒక్క పెళ్లికి 810 గిగాబైట్లు. గిగాబిట్ మీద దీన్ని సర్వర్‌కు ఎక్కించడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. ముహూర్తాల నెలలో రోజుకో పెళ్లి ఉన్నవాడికి ఆ రెండు గంటలు చిన్న విషయం కాదు.

ఇక్కడొక మెలిక ఉంది. కెమెరాల్లో ఎక్కువగా వాడే యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డుకు ఆ ప్రమాణం ఇచ్చిన గరిష్ఠ వేగం సెకనుకు 104 మెగాబైట్లు. కార్డును రీడర్‌లో పెట్టి నేరుగా సర్వర్‌కు కాపీ చేస్తే ముందు చాలక ఆగేది కార్డే. నెట్‌వర్క్‌ను పదింతలు చేసినా ఒక్క నిమిషం కలిసిరాదు. అందుకే డబ్బు పెట్టేముందు అడ్డు ఎక్కడుందో కొలవాలి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదొక్కటే. ఫైలు ప్రయాణించే దారిలో డిస్కు, సర్వర్, కేబుల్, స్విచ్, కంప్యూటర్, మళ్లీ డిస్కు ఉంటాయి. వీటిలో అన్నిటికన్నా నెమ్మదైనది ఏదో దాని వేగమే మనకు అందుతుంది. మిగతావాటి మీద పెట్టిన ఖర్చంతా వృథా.

కొలవడం కష్టమేమీ కాదు. ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌ను సర్వర్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి నడిపితే అది డిస్కును ముట్టుకోకుండా, మెమరీలో తయారైన డేటాను పంపి నెట్‌వర్క్ వేగాన్ని మాత్రమే చెబుతుంది. గిగాబిట్ సరిగ్గా పనిచేస్తుంటే 940 మెగాబిట్ల చుట్టుపక్కల వస్తుంది. 94, 95 దగ్గర ఆగితే లింకు 100 మెగాబిట్లకు పడిపోయిందని అర్థం. గిగాబిట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. కనెక్టర్ బిగించేటప్పుడు ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా పరికరాలు నోరెత్తకుండా కింది వేగానికి దిగిపోతాయి. అప్పుడు ఫైలు కాపీ 11 మెగాబైట్లు చూపిస్తుంది. ఆ అంకె కనిపిస్తే కొత్త పరికరాల మాట పక్కన పెట్టి ముందు కేబుల్ చివరలు చూడండి.

ఐపెర్ఫ్ నిండుగా వచ్చి, ఫైలు కాపీ మాత్రం తక్కువగా ఉంటే లోపం డిస్కులదో ఫైళ్లదో అవుతుంది. గ్రాఫ్ ఆకారం కూడా చాలా చెబుతుంది. నున్నగా, సమంగా సాగితే నెట్‌వర్క్ హద్దు. రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటే డిస్కు వెనకబడుతోంది. మొదటి కొన్ని సెకన్లు కొండలా లేచి తర్వాత కూలబడితే, ఆ మొదటి వేగం డిస్కుది కాదు, ర్యామ్‌ది. సర్వర్ వచ్చిన డేటాను ముందు ర్యామ్‌లోకి తీసుకుని తీరికగా డిస్కుకు రాసుకుంటుంది. ర్యామ్ నిండాక అసలు రంగు బయటపడుతుంది. ఒకే ఫైలును రెండోసారి కాపీ చేసి వేగం కొలిచినా ఇదే పొరపాటు జరుగుతుంది. అది ర్యామ్‌లోంచే వస్తుంటుంది. పరీక్షకు సర్వర్ ర్యామ్ కన్నా బాగా పెద్దదైన ఫైలు వాడాలి.

డిస్కుల సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నిమిషానికి 7200 సార్లు తిరిగే నేటి పెద్ద హార్డ్ డిస్క్ అంచు దగ్గర సెకనుకు సుమారు 250 మెగాబైట్లు చదువుతుంది. పళ్లెం అంచున ఒక్కో చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది, లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. డిస్కు నిండేకొద్దీ డేటా లోపలి చుట్లలోకి చేరుతుంది, అక్కడ వేగం దాదాపు సగానికి దిగుతుంది. సగటున 200 వేసుకుంటే, పైన చెప్పిన 810 గిగాబైట్ల పెళ్లికి ఒంటి డిస్కు 67 నిమిషాలు తీసుకుంటుంది. నెట్‌వర్క్ పది గిగాబిట్‌లదైనా అదే 67 నిమిషాలు. నాలుగు డిస్కులను రెయిడ్ 5గా కలిపితే పెద్ద ఫైళ్లు చదివేటప్పుడు ఇంచుమించు మూడు డిస్కుల వేగం అందుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే సుమారు 550 ఇస్తుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు వేల మెగాబైట్లు ఇస్తాయి, కానీ చవక రకాల్లో కొన్ని, ముందున్న వేగవంతమైన భాగం నిండిపోగానే హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిగా రాస్తాయి. చుట్లను ఒకదాని మీద ఒకటి పాక్షికంగా పరిచి రాసే ఎస్‌ఎంఆర్ రకం హార్డ్ డిస్కులు కూడా పెద్ద రాతల్లో ఇలాగే చతికిలబడతాయి. సర్వర్‌కు డిస్కు కొనేముందు అది చుట్లను విడివిడిగా రాసే సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని అడిగి తీరాలి.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఇది: హార్డ్ డిస్కులతో నడిచే ఇంటి సర్వర్‌కు సరైన మెట్టు 2.5 గిగాబిట్. విండోస్ గ్రాఫ్‌లో అది 280 దగ్గర నిలబడుతుంది, అంటే ఒక మంచి హార్డ్ డిస్క్ ఇవ్వగలిగినదంతా అందినట్టే. ఈ ప్రమాణం 2016లో వచ్చింది. ఇలాంటి రాగి కేబుల్ మీద నడిచే పది గిగాబిట్ ప్రమాణం అంతకు పదేళ్ల ముందే, 2006లోనే వచ్చినా ఇది తర్వాత పుట్టడానికి కారణం ఉంది. ఆఫీసుల్లో వైఫై పరికరాలు గిగాబిట్‌ను దాటిపోతున్నాయి, గోడల్లోనేమో పాత క్యాట్5ఈ కేబుల్స్ ఉన్నాయి. వాటిని పీకకుండా వేగం పెంచడానికే దీన్ని రూపొందించారు. కాబట్టి బిల్డర్ వేయించిన క్యాట్5ఈ సరైనదైతే వంద మీటర్ల దాకా 2.5 గిగాబిట్ నడుస్తుంది.

సరైనదైతే అని ఎందుకంటున్నానంటే, మార్కెట్‌లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన కేబుల్ చాలా దొరుకుతుంది. పెట్టె మీద క్యాట్6 అనే ఉంటుంది, ధర తక్కువ. బ్లేడుతో తీగను గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం, ప్రమాణాలు ఒప్పుకునేది కాదు. లోపలి దాకా ఎర్రగా ఉంటేనే రాగి. గోడలోకి ఎక్కించాక మార్చడం ఎంత కష్టమో ఇల్లు కట్టుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు కనుక, ఈ పరీక్ష కొనేముందే చేయాలి.

2.5 గిగాబిట్ రావాలంటే దారిలో ప్రతి పోర్టూ ఆ వేగానిది కావాలి. కొన్ని రూటర్ల పెట్టె మీద 2.5 గిగాబిట్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, తీరా చూస్తే ఇంటర్నెట్ వచ్చే ఒక్క పోర్టే ఆ వేగానిది, మిగిలినవన్నీ గిగాబిట్‌వే. కాబట్టి విడిగా చిన్న 2.5 గిగాబిట్ స్విచ్ పెట్టుకుని కంప్యూటర్‌ను, సర్వర్‌ను దానికి కలపడం మేలు. లాప్‌టాప్‌కైతే యూఎస్‌బీ అడాప్టర్ చాలు, కానీ దాన్ని యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టాలి. యూఎస్‌బీ 2 పోర్టు మొత్తం సామర్థ్యమే 480 మెగాబిట్లు. ఒక్క కంప్యూటర్‌కే వేగం కావాలనుకుంటే స్విచ్ కూడా అక్కర్లేదు. రెండింటినీ ఒక కేబుల్‌తో నేరుగా కలిపి, ఒకదానికి 10.10.10.1, రెండోదానికి 10.10.10.2 అని చిరునామాలు ఇచ్చి, షేర్‌ను పేరుతో కాకుండా ఆ చిరునామాతో తెరిస్తే చాలు. పేరుతో తెరిస్తే డేటా పాత రూటర్ దారినే పోయే అవకాశం ఉంది. ఇంటర్నెట్ మాత్రం పాత పోర్టు లోంచో వైఫై లోంచో ఎప్పటిలాగే వస్తుంటుంది.

సర్వర్‌కు రెండు గిగాబిట్ పోర్టులుంటే రెండు కేబుల్స్ కలిపి రెట్టింపు చేయొచ్చా? స్విచ్‌లో చేసే లింక్ అగ్రిగేషన్ అందుకు పనికిరాదు. అది ఒక్కో కనెక్షన్‌ను ఒక్కో కేబుల్‌కు అప్పగిస్తుంది. ఒక కంప్యూటర్ ఒక ఫైలు తీసుకుంటుంటే రెండో కేబుల్ ఖాళీగా కూర్చుంటుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాడే చోట అయితే ఉపయోగమే. ఒక్కరికే రెట్టింపు కావాలంటే విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఎస్‌ఎంబీ మల్టీచానెల్ కావాలి. ఒకే ఫైలును అది పలు కనెక్షన్ల మీదికి పంచుతుంది. విండోస్ 8 నుంచీ ఉంది. లైనక్స్ సర్వర్లు వాడే సాంబాలో 2021లో వచ్చిన 4.15 నుంచి ముందే ఆన్ చేసి ఇస్తున్నారు. రెండువైపులా రెండేసి పోర్టులు ఉన్నవాళ్లు దీన్ని ప్రయత్నించొచ్చు. లేనివాళ్లు ఇందుకోసం కొత్త కార్డు కొనే బదులు ఆ డబ్బుతో 2.5 గిగాబిట్ కార్డు కొనుక్కోవడమే నయం.

పది గిగాబిట్ జోలికి ఎస్‌ఎస్‌డీలో, చాలా డిస్కులో ఉన్నవాళ్లే వెళ్లాలి. దానికి క్యాట్6 అయితే 55 మీటర్ల దాకా, క్యాట్6ఏ అయితే వంద మీటర్లు. ఇలా రాగి కేబుల్ మీద నడిచే పది గిగాబిట్ పోర్టులు బాగా వేడెక్కుతాయి. సర్వర్, కంప్యూటర్ ఒకే గదిలో ఉంటే ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులున్న కార్డులు, వాటి మధ్య డాక్ అనే పొట్టి కేబుల్ తీసుకోవడం తెలివైన పని. వేడి తక్కువ, కంపెనీలు వాడి తీసేసిన ఇంటెల్ ఎక్స్520 లాంటి కార్డులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఎక్స్540 లాంటి పాత రాగి కార్డులకు పది గిగాబిట్ తెలుసు, ఒక గిగాబిట్ తెలుసు, మధ్యలో 2.5 అనేది ఒకటుందని తెలియదు. 2.5 గిగాబిట్ స్విచ్‌కు కలిపితే మళ్లీ గిగాబిట్‌కే దిగుతాయి. రెండోది, మదర్‌బోర్డులో పొడవుగా కనిపించే స్లాట్‌లో లోపల ఒకటే లేన్ ఉండొచ్చు. ఈ కార్డులు పీసీఐఈ 2.0 కాలం నాటివి, ఆ తరంలో ఒక లేన్ ఇచ్చేది సెకనుకు 500 మెగాబైట్లే.

జంబో ఫ్రేములు, అంటే ముక్క సైజును 1500 నుంచి 9000కు పెంచడం గురించి చాలా మాటలు వినిపిస్తాయి. కేబుల్ మీద దానివల్ల మిగిలేది ఐదు శాతం లోపే. ప్రాసెసర్‌కు కొంత శ్రమ తగ్గుతుంది. దారిలో ఒక్క పరికరం ఒప్పుకోకపోయినా ఫైళ్లు మధ్యలో ఆగిపోయి, కారణం దొరక్క తల పట్టుకోవాల్సి వస్తుంది. మిగతావన్నీ సరిచేసుకున్నాకే దాని వైపు చూడాలి.

చిన్న ఫైళ్ల సమస్య వేరు. వేల ఫొటోలున్న ఫోల్డర్ కాపీ చేస్తుంటే కొత్త నెట్‌వర్క్ మీద కూడా వేగం 20, 30 మెగాబైట్లకు పడిపోవడం మామూలే. ఒక్కో ఫైలుకూ తెరవమని, రాయమని, మూయమని కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య సందేశాలు అటూ ఇటూ తిరుగుతాయి, ఫైలు చిన్నదైతే ఆ ఎదురుచూపుకే ఎక్కువ సమయం పోతుంది. కేబుల్ ఎంత వేగమైనదైనా ఈ ఎదురుచూపు తగ్గదు. దాచిపెట్టడానికే అయితే ఫోల్డర్ మొత్తాన్ని కుదించకుండా ఒకే జిప్‌గానో టార్‌గానో కట్టి పంపొచ్చు. ఫైళ్లు విడివిడిగానే ఉండాలంటే విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీని ఎంటీ అనే ఆప్షన్‌తో నడపండి. అది మామూలుగా ఎనిమిది ఫైళ్లను ఒకేసారి పంపుతుంది, ఒక ఫైలు జవాబు కోసం ఆగిన క్షణంలో మిగతా ఏడూ కదులుతూనే ఉంటాయి.