లవ్ బర్డ్స్... అన్నీ ఒకటి కావు!

"అమ్మా, పిట్ట కాలికి రక్తం!" అని మా అమ్మాయి కేక పెట్టేసరికి వంటింట్లోంచి పరుగెత్తాను. పంజరంలో ఆకుపచ్చ పిట్ట ఓ మూల నక్కి వణికిపోతోంది. ఒక కాలివేలు సగం లేదు! ముందురోజు తెచ్చిన కొత్త జంట మాత్రం పైన కొమ్మ మీద ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

తప్పు నాదే. పాతవీ లవ్ బర్డ్సే, కొత్తవీ లవ్ బర్డ్సే. పేరు ఒకటే కదా, ఇంకో పంజరం దండగెందుకు అనుకున్నాను. శుభ్రమైన గుడ్డతో వేలు అదిమిపట్టి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. మా శంషాబాద్‌కి అది దగ్గరే కాబట్టి బతికిపోయింది.

అసలు సంగతి అక్కడ తెలిసింది. మనం లవ్ బర్డ్స్ అని ముచ్చటగా పిలుచుకునేవి చాలావరకు బడ్జీలు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. సన్నగా, పొడుగు తోకతో, మెడ వెనక సన్నటి చారలతో ఉంటాయి. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. బొద్దుగా ఉంటాయి, తోక పొట్టి, ముక్కు లావు. ఆ ముక్కుతోనే వచ్చింది తంటా! అడవిలో ఇవీ గుంపులుగానే తిరుగుతాయి. అక్కడ ఓడిన పిట్ట ఎగిరిపోతుంది. పంజరంలో ఎక్కడికి పోతుంది చెప్పండి?

అందుకే ఈ రెండు జాతుల్నీ ఎప్పుడూ కలపకండి. ఆఫ్రికన్ పిట్టలైతే జంటకో పంజరం. అందులోనూ ఓ చిక్కుంది. సాధారణంగా దొరికే రకాల్లో ఆడా మగా ఒకేలా ఉంటాయి. మీరు జంట అనుకున్నవి రెండూ ఆడవే కావచ్చు! బడ్జీల్లో అయితే పెద్దయ్యాక ముక్కుపైన మగదానికి నీలం, ఆడదానికి గోధుమరంగు కనిపిస్తుంది. ఒకటి రెండు రంగుల్లో మాత్రం ఈ గుర్తు పనిచెయ్యదు.

బడ్జీల్లో గొడవంతా గూటి కుండ దగ్గరే. ఆడపిట్టలు కుండ కోసం రక్తాలు వచ్చేలా కొట్టుకుంటాయి. రెండు జంటలుంటే మూడు నాలుగు కుండలు ఒకే ఎత్తులో కట్టండి. ఒకటి పైన, ఒకటి కింద కడితే అన్నిటికీ పైదే కావాలి! పిల్లలు వద్దనుకుంటే కుండలే పెట్టకండి. గింజల గిన్నెలు, నీళ్ల గిన్నెలు కూడా రెండేసి ఉండాలి.

కొత్త పిట్టను ఓ నెలరోజులు వేరే గదిలో ఉంచండి, జబ్బులుంటే బయటపడతాయి. తర్వాత పాత పంజరంలో కొమ్మలు, గిన్నెలు అటూ ఇటూ మార్చి వదలండి. అప్పుడు "ఇది నా చోటు" అనే పట్టు కాస్త తగ్గుతుంది. మొదటి రోజు మీరు దగ్గరే ఉండాలి. ఒకటి ఇంకోదాన్ని గిన్నె దగ్గరికి రానివ్వకపోయినా, తల మీద ఈకలు ఊడినా వెంటనే విడదీయండి. సర్దుకుంటాయిలే అనకండి. ఆ మాట విని విని మనం పడింది చాలదూ!

పంజరాలు ఆనించి కూడా పెట్టొద్దు. కమ్మీల సందులోంచి కాలివేళ్లు కొరికేస్తాయి. మా ఆఫ్రికన్ జంట ఇప్పుడు హాల్లో, బడ్జీలు వరండాలో. విమానం వెళ్లిన ప్రతిసారీ ఇక్కడివీ అక్కడివీ పోటీపడి అరుస్తాయి. వేలు తెగిన పిట్ట గొంతే అన్నిటికన్నా పెద్దది.