మీకు తెలుసా? ట్రైలర్ తగిలించే ముందు వేయాల్సిన లెక్క

హైదరాబాద్‌లో మధురానగర్, కృష్ణానగర్ మీదుగా షూటింగులకు వెళ్లే కారవాన్లు చాలావరకు బస్సు ఛాసిస్ మీద కట్టినవే. బండి వెనక తగిలించి లాగే ట్రైలర్ అయితే లెక్క వేరు.

• బండి, మనుషులు, సామాను, ట్రైలర్ అన్నీ కలిపి ఎంత బరువుండొచ్చో కంపెనీ పరిమితి పెడుతుంది. అది 6,000 కిలోలనుకుందాం. మనుషులతో, సామానుతో బండే 3,200 కిలోలు తూగితే ట్రైలర్‌కు మిగిలేది 2,800 మాత్రమే. లాగే సామర్థ్యం అంతకన్నా తక్కువుంటే, ఆ తక్కువ అంకే లెక్క.

• ఖాళీ ట్రైలర్ బరువు చూసి మోసపోవద్దు. 300 లీటర్ల ట్యాంకులో నీళ్లు నింపితే 300 కిలోలు పెరిగినట్టే. ఏసీ, మంచం, జనరేటర్ అదనం.

• సాధారణంగా ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. తగ్గితే ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది. పెరిగితే బండి వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు సడలుతుంది.

• ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కడానికి ఇంజిన్ చాలు. దిగేటప్పుడు కాపాడేది బ్రేకులే.

• మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000.

బయల్దేరే ముందు నిండు బరువుతో కాటా వేయించండి. ఆ కాస్త ఆలస్యం రోడ్డు మీద ప్రాణాలు నిలుపుతుంది.