మీకు తెలుసా? శోధన యంత్రమునకు దారి చూపునది లింకే

చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన కంప్యూటరు శాస్త్రవేత్త ఆచార్య రాజ్ రెడ్డిగారి గ్రంథ డిజిటలీకరణ సంకల్పమునకు తోడై, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నెలకొల్పిన భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలది తెలుగు గ్రంథములు స్కాను ప్రతులుగా చేరినవి. అట్టి నిధి గూగుల్ వంటి శోధన యంత్రముల ద్వారా పాఠకునికి లభింపవలెనన్న, ఆ యంత్రము పంపెడి క్రాలర్ అను ప్రోగ్రాము ముఖపుటనుండి విషయసూచికి, అచటనుండి గ్రంథపుటకు, లింకు వెంట లింకుగా నడచిపోగల మార్గముండవలెను. పేరు టైపు చేసిననే గాని తెరచుకొనని పుటలను అది సాధారణముగా చేరజాలదు.

కావున రచయితలవారీగా, విషయములవారీగా కూర్చిన సాదా లింకుల పట్టికలును, 2005లో గూగుల్ ప్రవేశపెట్టిన, పుటల చిరునామాల జాబితాను యంత్రమునకు అందించు సైట్‌మ్యాప్ పద్ధతియు ప్రతి గ్రంథాలయ వెబ్‌సైటునకును ఎంతో ఉపకరించును. స్కాను చేయు శ్రమ సఫలమగుటకు ఈ కూర్పును అంతే శ్రద్ధతో చేయవలెను.