తేలిక చక్రాలు కొంటే పందెం గెలుస్తామా?



మనలో చాలామందికి సైకిలు తొక్కడం ఇష్టం. అందుకని ఈసారి నేను సైకిలు చక్రాల గురించి రాస్తున్నాను. ఇది పుస్తకంలో చూసి రాసింది కాదు. మా ఇంట్లో జరిగింది.

మా అన్న ఘాట్ రోడ్డు మీద సైకిలు పందానికి పేరిచ్చాడు. దూరం 12 కిలోమీటర్లు. కింద నుంచి పైకి 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అన్నది సెకండ్ హ్యాండులో కొన్న గేర్ల సైకిలు. టౌనులో సైకిలు షాపాయన దాన్ని చూసి, "నీ చక్రాలు బాగా బరువు. తేలిక చక్రాలు వేసుకో, గెలుపు నీదే" అన్నాడట. జత 12,000 రూపాయలు. అంత డబ్బు ఇంట్లో ఉంది. కానీ అది విత్తనం పసుపు కొనడానికి అమ్మ దాచిన డబ్బు.

అన్న అడిగితే అమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. నా వైపు చూసి, "నువ్వు చదువుకుంటున్నావు కదా, ఆ షాపాయన మాట నిజమో కాదో నువ్వే చెప్పు" అంది. నాకు భయమేసింది. తప్పు చెప్తే అన్న పందెం ఓడిపోతాడు, లేదంటే మా చేను బీడు పడుతుంది.

హాస్టలుకి వచ్చాక సైన్సు మేడంని అడిగాను. "పని, శక్తి పాఠం చదివావు కదా, దాంతోనే లెక్క కట్టు" అన్నారు. మేడం దగ్గర కూర్చుని మూడు లెక్కలు కట్టాను.

మొదటి లెక్క: కొండ ఎక్కడం

అన్న, సైకిలు కలిపి 72 కిలోలు. పాత చక్రాల జత 3 కిలోలు. కొత్తవి 2 కిలోలని షాపాయన చెప్పాడు. అంటే తగ్గేది ఒక కిలో. ఎత్తు ఎక్కడానికి చేసే పని = ద్రవ్యరాశి × 9.8 × ఎత్తు.

పాత చక్రాలతో: 72 × 9.8 × 600 = 4,23,360 జౌల్స్.
కొత్త చక్రాలతో: 71 × 9.8 × 600 = 4,17,480 జౌల్స్.

తేడా 5,880 జౌల్స్. అంటే 72 వంతుల్లో ఒక వంతు. అన్నకి ఆ ఘాట్ ఎక్కడానికి 50 నిమిషాలు పడుతుంది. అది 3,000 సెకన్లు. దాన్ని 72 తో భాగిస్తే సుమారు 42 సెకన్లు. కొంత బలం గాలికి, టైరు రాపిడికి పోతుంది కాబట్టి మిగిలేది అంతకన్నా కొంచెం తక్కువే.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. కొండ ఎక్కేటప్పుడు బరువు ఎక్కడున్నా బరువే. చక్రంలో తగ్గినా, క్యారేజీలో తగ్గినా, సీసాలో నీళ్ళు తగ్గినా ఒకటే. లీటరు నీళ్ళు కూడా కిలోయే కదా!

రెండో లెక్క: వేగం అందుకోవడం

రిమ్ము, టైరు ముందుకీ పోతాయి, గుండ్రంగా కూడా తిరుగుతాయి. అందుకే వేగం అందుకునేటప్పుడు రిమ్ము దగ్గర ఉన్న కిలో రెండు కిలోల లెక్క. "తేలిక చక్రం" అని అందరూ అనేది ఇందుకే. మాట నిజమే. కానీ ఎంత నిజం? సెకనుకి 10 మీటర్ల వేగం, అంటే గంటకి 36 కిలోమీటర్లు అందుకోవడానికి ఆ కిలోకి కావలసింది 100 జౌల్స్. మనిషికి, సైకిలుకి కలిపి 3,600 జౌల్స్ పైనే కావాలి. మాటిమాటికి మలుపుల్లో ఆగి మళ్ళీ ఉరికే పందాల్లో ఇది కొంత పనికొస్తుంది. ఒకే వేగంతో పోయేవాళ్ళకి ఏమీ మిగలదు.

మూడో లెక్క: గాలి

చదును రోడ్డు మీద వేగంగా పోయేవాళ్ళకి అసలు శత్రువు గాలి. వేగం 20 నుంచి 30 కిలోమీటర్లకి పెంచితే గాలిని తోసుకుపోవడానికి మూడు రెట్ల పైనే సామర్థ్యం కావాలి. ఆ గాలి ఎక్కువగా తగిలేది చక్రానికి కాదు, మన ఒంటికి. అందుకే వంగి తొక్కాలి, వేరేవాళ్ళ వెనక దగ్గరగా పోవాలి. మేడం ఒక సంగతి చెప్పారు. 1989 లో ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో చివరి రోజు గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనక ఉన్నాడు. ముందుకి చాచిన హ్యాండిలు మీద చేతులు దగ్గరగా పెట్టి, వంగి తొక్కి, మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడు. అలాంటి గొప్పవాళ్ళకి ప్రతి సెకనూ ముఖ్యమే. వాళ్ళ సైకిళ్ళు ఎంత తేలిక అంటే, 6.8 కిలోల కన్నా తగ్గకూడదని 2000 నుంచి నియమం పెట్టారు.

మేము ఏం చేశాం

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి అన్నకి చూపించాను. అన్న చాలాసేపు చూశాడు. కొంచెం కోపం కూడా వచ్చింది. తర్వాత లేచి సైకిలుకి ఉన్న క్యారేజీ, స్టాండు, మడ్‌గార్డులు విప్పేశాడు. సంతలో కాటా మీద పెడితే 1 కిలో 200 గ్రాములు! పైసా ఖర్చు లేదు. తర్వాత ఓవరాయిలింగు చేయించాడు. వెనక చక్రం బెండు తీయించాడు, బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకోకుండా సరిచేయించాడు, టైర్లలో గాలి గట్టిగా కొట్టించాడు. మొత్తం 450 రూపాయలు అయింది. ఇరవై రోజులు పొద్దున్నే లేచి ఘాట్ ఎక్కాడు.

పందెంలో అన్నకి నాలుగో స్థానం వచ్చింది. మొదట వచ్చినతను అన్న కన్నా నాలుగు నిమిషాల ముందున్నాడు. చక్రాలు మార్చినా అతన్ని అందుకునేవాడు కాదు. కానీ ఒక మాట దాచకూడదు. మూడో అతను అన్న కన్నా 30 సెకన్లే ముందు. తేలిక చక్రాలుంటే మూడో స్థానం వచ్చేదేమో. అన్న ఇంటికొచ్చి, "చూశావా చెల్లీ, నీ లెక్కే నన్ను ఓడించింది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ అడిగింది, "మూడో బహుమతి ఎంతరా?" అని. వెయ్యి రూపాయలు. అన్న ఇంకేం అనలేదు. మర్నాడు మాతో పాటు పసుపు నాటడానికి వచ్చాడు.

కాబట్టి నేస్తాలారా, నాకు అర్థమైంది ఇది. తేలిక చక్రాలు అబద్ధం కాదు. వాటితో కొన్ని సెకన్లు మిగులుతాయి. మిగతావన్నీ చేసేసి, ఇంకా కొన్ని సెకన్లే వెనకబడినవాళ్ళు, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్ళు కొనుక్కోవచ్చు. మనలాంటివాళ్ళు ముందు అక్కర్లేని బరువు విప్పాలి, చక్రం బెండు తీయించాలి, గాలి కొట్టించాలి, రోజూ తొక్కాలి. ఎవరైనా ఏదైనా కొనమంటే "ఎంత తగ్గుతుంది, ఎన్ని సెకన్లు మిగులుతాయి, ఎంత ఖర్చు" అని మూడు ప్రశ్నలు అడగండి. లెక్క మనకి వచ్చు కదా!

 

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని