కడప దాటని పడవ

కర్నూలులో పడవెక్కి కడప మీదుగా నెల్లూరు సీమకు, అక్కడినుంచి కృష్ణపట్నం సముద్రతీరానికి పోవచ్చునంటే పాఠకులు నవ్వుతారు. గుక్కెడు నీళ్ళకు బిందెలు వరుసపెట్టే రాయలసీమలో పడవ ప్రయాణమా! కాని 1860 ప్రాంతాల లండన్‌లోని పెద్దమనుషులు ఈ మాట నమ్మి పది లక్షల పౌన్లు పెట్టుబడి పెట్టారు. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. తవ్వకం మద్రాసు ఇరిగేషన్ కంపెనీది. లాభం వచ్చినా రాకున్నా పెట్టుబడిపై నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది. అటువంటి హామీ చేతిలో ఉన్నవాడు ఖర్చు దగ్గర చెయ్యి బిగబట్టుకుంటాడా చెప్పండి?

1863లో పని మొదలైంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలులో హంద్రి నదిని కాలువ దాటించి, కృష్ణా పెన్నా లోయల నడుమనున్న ఎత్తును మిట్టకందాల వద్ద తెగతవ్వి, నీటిని కుందేరులోకి, పెన్న దాటించి కడపకు తెచ్చారు. సుమారు 306 కిలోమీటర్లు! కర్నూలుకంటే కడప నూరు మీటర్లకు పైగా పల్లం. పడవ అంత దిగాలంటే మెట్లు కావాలి గదా. ఆ మెట్లే లాకులు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిమట్టం తగ్గించి, కింది కాలువలోకి వదులుతారు.

1871 నాటికి కాలువ సిద్ధమైంది. ఆ ఏడే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు దారీ పూర్తయింది! వేసవిలో తుంగభద్ర ఎండితే పడవ ఇసుకలో కూర్చోవలసిందే. రైలుకా బెంగ లేదు. పైగా కడప తర్వాతి కాలువ తవ్వనే లేదు. సముద్రం చేరని పడవలో ఏ వర్తకుడు సరుకు వేస్తాడు?

పోనీ, నీళ్ళయినా అమ్ముడుపోయాయా? నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతు వానలు బాగున్న ఏడు శిస్తు కట్టి కాలువ నీరు తీసుకోడు. అతణ్ణి తెలివితక్కువవాడన్న దొరలున్నారు. నాకైతే అతని లెక్కే కంపెనీ లెక్కకన్న సరిగా ఉన్నదనిపిస్తుంది. 1876లో ధాత కరువు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతుంటే మాత్రం ఆ నీటి విలువ తెలిసివచ్చింది.

1882లో ప్రభుత్వం కంపెనీనుంచి కాలువను కొనేసింది. 1933లో పడవల రాకపోకలకు పూర్తిగా స్వస్తి చెప్పారు.

కాలువ మాత్రం చావలేదు. కె.సి. కెనాల్ అంటే కర్నూలు, నంద్యాల, కడప రైతులకు నేటికీ వరి మడి. దాని కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. కృష్ణా జలాల పంపకంలో బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టి.ఎం.సి.ల వాటా చూపింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినప్పుడు సుంకేసుల కట్టా దెబ్బతిన్నది. నీరు తగ్గిన ఏడు చివరి ఊళ్ళవారి చూపంతా ఎగువనే. ఇప్పుడక్కడ ఎదురుచూసేది పడవకోసం కాదు, నారుమడికి అందవలసిన తడికోసం.