పాత వంతెనలో బలం ఎంత మిగిలింది?

జూరాల గేట్లు ఎత్తారన్న మాట చెవిన పడితే చాలు, గద్వాల నుంచి, ఆత్మకూరు నుంచి, వనపర్తి నుంచి బండ్లు బయల్దేరతాయి. 62 గేట్ల ఆనకట్ట దగ్గర నిలబడి నురగలు కక్కే కృష్ణను చూడటం మన జిల్లాల్లో వానాకాలపు పండుగ. బీచుపల్లిలో ఆంజనేయస్వామికి మొక్కాక వంతెన మీద బండి ఆపి నదిలో నాణెం వేసేవాళ్లు ఎందరో. పిల్లల్ని పైకెత్తి నీళ్లు చూపించడం, నలుగురూ ఒకే పక్కకు చేరి ఫొటో దిగడం మనకు అలవాటు. వంతెన కట్టే ఇంజనీరు మాత్రం బండ్లు వెళ్లిపోతాయన్న లెక్క మీద కడతాడు. జనం ఆగి, గుమిగూడి, ఊగే చోటుగా అది మారినప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. ఆ వంతెన పాతదైతే ఇంకా జాగ్రత్తగా వేయాలి.

పాతబడిన వంతెనను బాగుచేసి జనాన్ని తిప్పాలా, ప్రమాదం ఎందుకని కూల్చేయాలా? తెలుగు నేల మీద ఈ ప్రశ్న ముందు నిలబడ్డ పెద్ద వంతెన గోదావరి మీద ఉంది. రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య ఉన్న హేవలాక్ వంతెన అది. 1897 నవంబరులో పనులు మొదలై, 1900 ఆగస్టులో రైళ్లు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. కట్టించిన గ్రాన్‌విల్ వాల్టన్ అంతకు ముందు కాశీ దగ్గర గంగ మీద వంతెన కట్టిన ఇంజనీరు. రాతి స్తంభాల మీద 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ నడుమ భాగం ఒక ఖానా), ఒక్కో ఖానా 150 అడుగులు. గుణిస్తే 8,400 అడుగులు. స్తంభాల మందం కలుపుకుంటే సుమారు 2.7 కిలోమీటర్లు. పక్కన ఆర్చి వంతెన వచ్చాక 1997లో దీని మీద రైళ్లు ఆగిపోయాయి. ఇనుమును తుక్కు కింద అమ్మేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. ఊరి జనం ఒప్పుకోలేదు. 2025 జూన్ 26న అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. వంతెనను విహార స్థలంగా మార్చడంతో పాటు మరికొన్ని పనులు కలిపి అంచనా 94.44 కోట్ల రూపాయలు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కాబట్టి తొందర కూడా ఉంది.

ముందు బరువు సంగతి చూద్దాం. రైలు మోసిన వంతెనకు మనుషులు ఒక లెక్కా అనిపిస్తుంది. లెక్క వేస్తే ఆ అనుకోలు సగమే నిజమని తేలుతుంది.

ఒక ఖానా 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. దాని మీద 3 మీటర్ల వెడల్పున నడకదారి వేశారనుకుందాం. 137 చదరపు మీటర్లు వస్తుంది. మన దేశంలో వంతెనల మీద నడకదారికి చదరపు మీటరుకు 400 కిలోల బరువు లెక్క కట్టాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. పుణ్యక్షేత్రాలు, పెద్ద జాతరలు ఉన్న ఊళ్ల దగ్గరైతే 500 కిలోలు. పుష్కరాల ఊరు కాబట్టి 500 వేసుకుంటే, ఒక్క ఖానా మీద జనం బరువు 68.5 టన్నులు. ఇప్పటి విద్యుత్ రైలింజను ఒక్కటే 110 నుంచి 125 టన్నులు ఉంటుంది. దాని వెనక జనంతో నిండిన పెట్టె ఒకటి కలిపితే అదే ఖానా మీద 160 టన్నుల దాకా పడుతుంది. అంటే కిక్కిరిసిన జనం కూడా రైలు బరువులో సగం ఉండరు. ఇక్కడి వరకూ ధైర్యం చెప్పే లెక్కే.

ఇప్పుడు ఆ నడకదారిని కాంక్రీటుతో వేశామనుకోండి. 15 సెంటీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు 375 కిలోలు తూగుతుంది. ఒక ఖానాకు 51 టన్నులు. జనం బరువుతో కలిపితే 120 టన్నులకు చేరాం. దాని మీద తినుబండారాల దుకాణాలు, మట్టి నింపిన పూలకుండీలు, లోహపు పందిళ్లు పెట్టండి. రైలు ఒక ఖానాను నిమిషంలో దాటిపోయేది. ఈ బరువు రాత్రీ పగలూ అక్కడే కూర్చుంటుంది. పాత వంతెనను ముస్తాబు చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: కొత్తగా ఎక్కిస్తున్న శాశ్వత బరువు ఎన్ని టన్నులు?

గుజరాత్‌లోని మోర్బీలో ఈ ప్రశ్న అడిగి ఉండాల్సింది. మచ్ఛు నది మీద పంతొమ్మిదో శతాబ్దపు వేలాడే వంతెన అది. పొడవు 233 మీటర్లు, వెడల్పు 1.25 మీటర్లు. మరమ్మతులు అయ్యాయని చెప్పి 2022 అక్టోబరు 26న తెరిచారు. నాలుగు రోజులకు, అక్టోబరు 30 ఆదివారం సాయంత్రం తెగిపోయింది. 135 మంది చనిపోయారు. ఆ రోజు 3,165 టిక్కెట్లు అమ్మారు. తెగే సమయానికి వంతెన మీద 300 మంది దాకా ఉన్నారు. జనం ఎక్కువవడం వల్లే తెగిందని మొదట అందరూ అన్నారు. లెక్క వేసి చూడండి. 233ను 1.25తో గుణిస్తే 291 చదరపు మీటర్లు. 300 మంది అంటే చదరపు మీటరుకు ఒక్కరు. మనిషి సగటు బరువు 65 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 67 కిలోలు. నేటి ప్రమాణం చెప్పే 500లో అది ఏడో వంతుకు కాస్త తక్కువే.

ప్రధాన తీగలో 49 ఇనుప పోగులు ఉండాలి. వాటిలో 22 ముందే తుప్పు పట్టి తెగి ఉన్నాయని దర్యాప్తులో తేలింది. కాళ్ల కింద చెక్క పలకల బదులు లోహపు పలకలు వేసి బరువు పెంచారు. మోసే తీగను మాత్రం మార్చలేదు. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లు చేసిన తప్పేమీ లేదు. పిల్లల్ని తీసుకుని దీపావళి సెలవుల్లో నది చూడటానికి వచ్చారు, మనం జూరాలకు వెళ్లినట్టే.

కాబట్టి వంతెన వయసు మీద మన దృష్టి అనవసరంగా ఎక్కువగా ఉంది, తుప్పు మీద తక్కువగా ఉంది. పుణె దగ్గర కుండ్మలలో 2025 జూన్ 15న కూలి నలుగురి ప్రాణాలు తీసిన ఇనుప వంతెన వయసు ముప్పై ఏళ్లు. హేవలాక్ వంతెన రైళ్లనే దాదాపు 97 ఏళ్లు మోసింది. తుప్పు ఎంత తింటే ఎంత బలం పోతుందో చిన్న లెక్క చూడండి. 10 మిల్లీమీటర్ల మందం ఇనుప పలక రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు తుప్పు పట్టిందనుకుందాం. మిగిలింది 8. లాగుడుకు తట్టుకునే శక్తి 20 శాతం తగ్గింది. కానీ వంగకుండా నిలిచే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది: 0.8 × 0.8 × 0.8 అంటే 0.51. అంటే పైకి చూస్తే ఐదో వంతు పోయిన పలక, వంగే విషయంలో దాదాపు సగం గట్టిదనం పోగొట్టుకుంది. రంగు వేస్తే ఈ సగం కనబడదు. పాత వంతెన మీద తళతళలాడే కొత్త రంగు చూసినప్పుడు నాకు భయమే వేస్తుంది. రంగుకు ముందు పలకల మందం కొలిచారా, రివెట్లను ఒక్కొక్కటిగా తట్టి చూశారా, స్తంభాల మీది బేరింగులు కదులుతున్నాయా, వరద కోతకు పునాది చుట్టూ ఇసుక ఎంత దిగింది అన్నవి తెలిస్తేనే ఆ రంగుకు అర్థం.

ఉప్పుగాలి తగిలే చోట ఈ లెక్క తొందరగా తిరగబడుతుంది. 1914 నాటి పాంబన్ రైలు వంతెనను 2022 డిసెంబరులో ఆపేశారు. కొత్తది 2025 ఏప్రిల్ 6న మొదలైంది. సముద్రంలో నిలబడ్డ ఇనుమును నిలబెట్టడానికి ప్రతి ఏడూ పెట్టే ఖర్చుకు అంతు ఉండదు. గోదావరి, కృష్ణ మంచినీళ్లు. ఇక్కడ పాత ఇనుముకు ఆయుష్షు ఎక్కువ. నా తీర్పు కూడా దీని మీదే ఆధారపడింది: హేవలాక్‌ను కూల్చకూడదు. రాతి స్తంభాలను నది గర్భం దాకా తీయడం మామూలు పని కాదు. తుక్కుగా అమ్మితే వచ్చేదీ పెద్దగా ఉండదు. టన్ను 30 వేలు పలికినా వెయ్యి టన్నులకు 3 కోట్లే.

అయితే నిలబెట్టాలన్నవాళ్లు చెప్పాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. 94.44 కోట్ల పనికి ఏటా 2 శాతం నిర్వహణకు పక్కన పెట్టాలనుకుందాం. సుమారు 1 కోటి 89 లక్షలు. 20 రూపాయల టిక్కెట్టుతో అది రావాలంటే ఏడాదికి 9 లక్షల 44 వేల మంది, రోజుకు దాదాపు 2,600 మంది ఎక్కాలి. వానాకాలం, ఎండాకాలం, పనిదినాల్లో జనం తగ్గుతారు కాబట్టి పండుగ రోజు దానికి ఎన్నో రెట్ల మందిని ఎక్కిస్తే గానీ లెక్క సరిపోదు. మోర్బీలో ఒక్క రోజు అమ్మిన టిక్కెట్లు ఎన్నో పైన చూశాం. నిర్వహణ డబ్బు టిక్కెట్ల నుంచే రావాలని పెడితే, వద్దనాల్సిన రోజునే జనాన్ని ఎక్కిస్తారు. రంగు, రివెట్లు, తనిఖీల డబ్బు బడ్జెట్ నుంచి విడిగా రావాలి. లోపలికి వెళ్లినవాళ్లనూ బయటికి వచ్చినవాళ్లనూ లెక్కపెట్టే గేటు రెండు కొసల్లోనూ ఉండాలి. 56 ఖానాలనూ ఒకేసారి తెరవకుండా, కొలిచి నమ్మకం కుదిరిన ఖానాల వరకే జనాన్ని పంపాలి.

మన నదికి తిరిగి వద్దాం. కూల్చడానికీ మరమ్మతుకూ నడుమ బరువు దించడం అనే దారి ఒకటి ఉంది, జూరాల దానికే వచ్చింది. గద్వాల, ఆత్మకూరు మధ్య బండ్లు ఏళ్ల తరబడి ఆనకట్ట మీదుగానే తిరుగుతున్నాయి. 2025 జూన్‌లో గేట్ల ఇనుప తాళ్లు తెగి అందరినీ కలవరపెట్టాయి. అదే ఏడాది దిగువన వంద కోట్లకు పైగా ఖర్చుతో హైలెవెల్ వంతెనకు మంజూరు వచ్చింది. అది పూర్తయ్యే దాకా ఆనకట్ట మీదికి బరువు లారీలు రాకూడదు, గేట్లు ఎత్తిన రోజున జనానికీ బండ్లకూ ఒకే దారి ఉండకూడదు. మక్తల్ దాటాక రాయచూరు దారిలో 1943 నుంచి నిలిచిన నిజాం కాలపు కమానుల వంతెనకూ ఇదే వరుస వర్తిస్తుంది. బరువు బండ్లు కొత్త దారికి మళ్లిన తర్వాతే దాని భవిష్యత్తు గురించి నిదానంగా ఆలోచించగలం.

నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల ప్రాంతంలో వంతెనే లేక పోయిన ప్రాణాలను మనం మరవలేం. 2007 జనవరి 18న పడవ మునిగి 61 మంది కృష్ణలో కలిశారు. అక్కడ సిద్ధేశ్వరం వైపు తీగల వంతెనకు 2022లో కేంద్రం 1,082.56 కోట్లతో ఆమోదం తెలిపింది. నడిచేవాళ్లకు అద్దపు దారి కూడా ఉంటుందన్నారు. హేవలాక్ ప్రాజెక్టు ఖర్చుకు ఇది పదకొండు రెట్లకు పైగా. అద్దం మీద నిలబడి నదిని చూసే మన పిల్లల కోసం మొదటి రోజు నుంచే నిర్వహణ ఖాతా ఒకటి తెరిచి ఉంచాలని ఇప్పుడే అడగాలి.

2028లో కృష్ణా పుష్కరాలు. బీచుపల్లి, సోమశిల ఘాట్లకు లక్షల మంది వస్తారు. మీరు ఆగి నిలబడే ప్రతి వంతెన గురించి దాన్ని చూసుకునే శాఖను మూడు సంగతులు అడగండి: చివరిసారి ఎప్పుడు కొలిచారు, బలం ఎంత మిగిలింది, ఒకేసారి ఎందరు నిలబడవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.