‘సయ్యద్’ అనిపించుకున్న క్రైస్తవ సేనాని.. ఎల్ సిడ్‌కు వలెన్సియాతో ఉన్న లింకేంటి?

మధ్యయుగ స్పెయిన్ అనగానే క్రైస్తవులు ఒకవైపు, ముస్లింలు మరోవైపు నిలబడి శతాబ్దాల పాటు కొట్టుకున్నారనే కథే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ కథలో పెద్ద హీరో ఎల్ సిడ్. 1961లో ఆయనపై హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కానీ వలెన్సియా నగరంతో ఆయనకున్న సంబంధాన్ని చూస్తే లెక్క వేరేగా కనిపిస్తుంది.

ఎవరీ సిడ్?

అసలు పేరు రోడ్రిగో డియాజ్. బుర్గోస్ దగ్గరి వివార్ ఊరివాడని చెబుతారు. ‘సిడ్’ అనేది అరబీ ‘సయ్యద్’ నుంచి వచ్చిన మాట. దొర, నాయకుడు అని అర్థం. 1081లో కాస్టిల్ రాజు ఆరో అల్ఫోన్సో ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టాడు. దాంతో జరగోజా ముస్లిం పాలకుల కొలువులో చేరాడు. 1082లో అల్మెనార్ యుద్ధంలో సిడ్ జరగోజా పాలకుడు అల్ ముతమిన్ తరఫున పోరాడాడు. ఎదుటి పక్షంలో ఉన్నది ఎవరో కాదు, ముతమిన్ సొంత తమ్ముడు, ఆయనకు తోడుగా బార్సిలోనా క్రైస్తవ ప్రభువు!

అసలు గొడవ కప్పం దగ్గరే

1031లో కార్డోబా ఖిలాఫత్ అంతమయ్యాక అందలుస్ చిన్న చిన్న రాజ్యాలుగా ముక్కలైంది. అవి రక్షణ కోసం క్రైస్తవ రాజులకు బంగారం రూపంలో కప్పం కట్టేవి. సారవంతమైన పొలాలున్న వలెన్సియా పాలకుడు అల్ ఖాదిర్ కూడా సిడ్‌కు అలాగే చెల్లించేవాడు. 1092లో నగర ఖాజీ ఇబ్న్ జహ్హాఫ్ నాయకత్వంలో తిరుగుబాటు జరిగి ఖాదిర్ హతమయ్యాడు. కప్పం ఆగిపోయింది. సిడ్ నగరాన్ని ముట్టడించాడు.

లోపల ధాన్యం ధరలు చుక్కలనంటాయి. జనం ఆకలితో చనిపోయారు. ఆ బాధను వలెన్సియాకే చెందిన ఇబ్న్ అల్ఖమా రాసి ఉంచాడు. 1094 జూన్‌లో నగరం లొంగిపోయింది. ఖాదిర్ సంపదను దాచాడన్న ఆరోపణతో మరుసటి ఏడాది ఖాజీని సజీవ దహనం చేయించాడు సిడ్. పెద్ద మసీదు చర్చిగా మారింది.

తర్వాత ఏమైంది?

1094 అక్టోబర్‌లోనే మొరాకో నుంచి వచ్చిన మురాబితీన్ సైన్యాన్ని సిడ్ ఓడించాడు. 1099లో చనిపోయే వరకు వలెన్సియాను పాలించింది ఆయనే. భార్య హిమేనా మూడేళ్లు నిలబడింది. 1102లో ఇక కాపాడలేమని తేలడంతో అల్ఫోన్సో ఆమెను, సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్తూ నగరానికి నిప్పు పెట్టించాడు. అలా వలెన్సియా మురాబితీన్ చేతికి వచ్చింది. 1238లో అరగాన్ రాజు హైమే గెలిచేదాకా అది ముస్లింల పాలనలోనే ఉంది.

సిడ్ స్పెయిన్‌కు జాతీయ వీరుడయ్యాడు. ఆయన సమాధి ఇప్పుడు బుర్గోస్ కెథెడ్రల్‌లో ఉంది. ఆయన్ను శపిస్తూ రాసిన ముస్లిం రచయిత ఇబ్న్ బస్సామ్ సైతం ఆ ధైర్యాన్ని ఒప్పుకున్నాడు. అయితే ఆ పొగడ్తల్లో గానీ, తిట్లలో గానీ పెద్దగా కనిపించనిది ఒక్కటే. రెండేళ్లలో ముగ్గురు పాలకులు మారితే, మూల్యం చెల్లించింది వలెన్సియాలోని మామూలు జనం.